ఒపినెల్ నం. 8కి టేకు పిడి: ప్రాజెక్టు డైరీ

జూన్ నెలాఖరు

పని ఇదీ: ఫ్రాన్సులో తయారైన ఒపినెల్ నం. 8 మడత చాకుకి ఉన్న బీచ్ అనే యూరప్ చెట్టు చెక్క పిడి తీసేసి, విశాఖపట్నం గాలికి తట్టుకునే పిడి చెయ్యాలి. బ్లేడు, రింగులు పాతవే వాడతాను. రివెట్ మాత్రం కొత్తది కావాలి. పాతదాని తల అరగదీస్తే తప్ప అది బయటికి రాదు.

చాకు తెచ్చింది మా తమ్ముడు. గ్రెనోబుల్‌లో చదువుతున్నాడు, సెలవులకి వస్తూ చెక్-ఇన్ సామాన్లో పెట్టుకొచ్చాడు. ఏప్రిల్‌లో బొటనవేలి గోరు ఆనిస్తే చాలు, బ్లేడు లేచేది. వానలు మొదలయ్యాక గోరు ఊడొస్తుందేమో గానీ బ్లేడు రాదు అన్నట్టు తయారైంది. ఇల్లు సముద్రానికి దగ్గర. ఈ ఊళ్ళో బీరువా తలుపులే ఉబ్బి పట్టేస్తాయి, చాకు ఎంత!

ఈ చాకు నిర్మాణంలోనే దీనికి కారణం ఉంది. మనకి తెలిసిన మడత చాకులకి వెనకాల ఒక ఉక్కు స్ప్రింగు ఉంటుంది. ఫ్రాన్సులో పేరుమోసిన ఇంకో చాకు లాయోల్‌కీ అంతే: పిడి వీపు పొడుగునా స్ప్రింగు, తెరిచినా మూసినా బ్లేడు టక్కున కూర్చుంటుంది. ఒపినెల్‌లో స్ప్రింగే లేదు. గుండ్రటి కర్రముక్కలో ఒక గాడి, గాడిలో బ్లేడు, అడ్డంగా ఒక రివెట్. బ్లేడు తనంతట తాను తెరుచుకోకుండా ఆపేది చెక్కతో దానికుండే ఒరిపిడే. అంటే కీలు పనంతా చెక్కదే. చెక్క తేమ పీలిస్తే ఉబ్బుతుంది, ఉబ్బితే గాడి ఇరుకవుతుంది, బ్లేడు బిగుసుకుంటుంది.

ఈ చాకు పుట్టిన సావోయ్ ప్రాంతం వాళ్ళకి ఈ బాధ కొత్త కాదు. వాళ్ళ చిట్కాకి ‘సావోయ్ వాడి దెబ్బ’ అని పేరు కూడా ఉంది. పిడి చివరను బల్లకేసి ఠక్కున కొడితే ఆ అదురుకి బ్లేడు కొన కాస్త పైకి లేస్తుంది, దాన్ని పట్టుకుని లాగాలి. నేనూ అలాగే కొడుతున్నాను. పనిచేస్తుంది. కాకపోతే రాత్రి పూట జామకాయ కోసుకోవాలంటే కింద పోర్షన్ వాళ్ళు లేచి కూర్చుంటున్నారు.

జూలై, మొదటి ఆదివారం

విప్పడం మొదలుపెట్టాను. మొత్తం ఐదంటే ఐదే భాగాలు: బ్లేడు, పిడి, రివెట్, మెడకి తొడిగిన కదలని కాలర్, దాని మీద తిరిగే లాక్ రింగు. విప్పుతుంటే ఒక్కో భాగంతో చాకు చరిత్రలో కొంచెం వెనక్కి వెళ్తున్నట్టే ఉంది.

ముందు లాక్ రింగు. కంపెనీ దీనికి పెట్టిన పేరు విరోబ్లాక్. ఒకవైపు చీలిక ఉన్న స్ప్రింగు ఉక్కు రింగు ఇది. చీలికలో సర్‌క్లిప్ ప్లయర్ కొనలు పెట్టి కొద్దిగా విప్పితే ముందుకు జారి వచ్చేస్తుంది. మరీ ఎక్కువ సాగదీస్తే మళ్ళీ బిగుతు రాదు. దీన్ని 1955లో తెచ్చింది మార్సెల్ ఒపినెల్, చాకు కనిపెట్టిన జోసెఫ్ కొడుకు. బ్లేడు తెరిచి రింగు తిప్పితే చీలిక పక్కకి పోతుంది, గాడి నోరు మూసుకుంటుంది, బ్లేడు వేళ్ళ మీదికి మడతపడదు. 2000లో చిన్న మార్పు చేసి, మూసి ఉన్నప్పుడు కూడా లాక్ పడేలా చేశారు.

తిరిగే రింగు అన్న ఆలోచన వీళ్ళు కనిపెట్టింది కాదు. నైరుతి ఫ్రాన్సులో నోంత్రోన్ అనే ఊరి చాకులకి, బాక్స్‌వుడ్ పిడుల మీద, అలాంటి రింగు ఎప్పట్నుంచో ఉంది. ఒపినెల్ గొప్పంతా దాన్ని ఒక్క రేకు ముక్కతో, చవగ్గా, లక్షల్లో తయారుచెయ్యడంలో ఉంది. నా దృష్టిలో అది ఏమంత చిన్న విషయం కాదు.

రింగు తీసేశాక చేతిలో మిగిలినది ఇంచుమించు 1890 నాటి చాకు. జోసెఫ్ ఒపినెల్ 1872లో పుట్టాడు. ఊరు అల్బియే ల వ్యూ, ఆల్ప్స్ కొండల్లో మోరియెన్ లోయ మీద ఉంటుంది. సావోయ్ ఫ్రాన్సులో కలిసింది 1860లో, అంటే అతను పుట్టడానికి పన్నెండేళ్ళ ముందే. వాళ్ళది గొడ్డళ్ళు, కొడవళ్ళ లాంటి పనిముట్లు చేసే ఇల్లు. ఆ కొలిమిలో పద్దెనిమిదేళ్ళ కుర్రాడు స్నేహితుల కోసం జేబు చాకులు చెయ్యడం మొదలుపెట్టాడు. కొన్నది రైతులు, పశువుల కాపర్లు, ద్రాక్షతోటల వాళ్ళు. లోయ గుండా రైలు మార్గం ఉంది. ఇటలీ వైపు కొండ తొలిచి వేసిన ఫ్రెజుస్ సొరంగం 1871లోనే తెరిచారు. జనం రాకపోకలున్న లోయ కాబట్టి చాకు ఊరు దాటడానికి ఎంతో కాలం పట్టలేదు.

రివెట్ దగ్గర కొంచెం ఓపిక కావాలి. ఒకవైపు తలను సన్నటి ఆకురాయితో కాలర్ మట్టానికి అరగదీశాను. కాలర్ మీద గీతలు పడకుండా చుట్టూ టేపు వేసి, చాకును బెంచ్ వైస్‌లో రెండు చెక్కముక్కల మధ్య బిగించి, పంచ్ పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే రివెట్ అటువైపు దిగిపోయింది. బ్లేడు చేతికొచ్చింది. కాలర్ అడుగున ఉన్న చెక్క మిగతా పిడి కంటే నల్లగా ఉంది, ముట్టుకుంటే చల్లగా తగిలింది. తేమంతా అక్కడే కూర్చుంది.

జూలై రెండో వారం

పాత పిడికి కాలర్ తొడిగి, బండి మెకానిక్కులు వాడే ఫీలర్ గేజ్‌తో, అంటే రకరకాల మందాల రేకు పత్తీల కట్టతో, గాడి కొలిచాను. బ్లేడు మందం 1.7 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. గాడిలోకి 1.6 పత్తీలు దిగాయి, 1.7 దిగలేదు. పిడిని సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో కొన్నాళ్ళు ఉంచి మళ్ళీ కొలిస్తే 1.9 కూడా సులువుగా దిగింది. అంటే తడికీ పొడికీ తేడా 0.3 దాకా ఉంది. నాలుగైదు వెంట్రుకల మందం, అంతే. ఆ కాస్త తేడాకే ఏప్రిల్ చాకు వేరు, జూలై చాకు వేరు.

మరి బీచ్ ఎందుకు పెట్టారంటే కారణాలు బలంగానే ఉన్నాయి. ఫ్రాన్సు అడవుల్లో పుష్కలంగా దొరుకుతుంది, గట్టిగా ఉంటుంది, నార దగ్గర దగ్గరగా ఉండి యంత్రం మీద నున్నగా తిరుగుతుంది, తిండికి వాసన అంటదు. వంక ఒక్కటే, తేమకి బాగా కదులుతుంది. పచ్చి చెక్క పూర్తిగా ఎండేదాకా, చెట్టు ఏటేటా పెరిగిన వలయాల వెంబడి కుదింపు బీచ్‌కి 11 శాతం పైమాటే. టేకుకి 5 శాతం చిల్లర. అదే చెక్కలో మధ్య నుంచి బెరడు వైపు కొలిస్తే కుదింపు సగమే: బీచ్‌కి 6కి కాస్త తక్కువ, టేకుకి రెండున్నర చిల్లర. ఈ రెండో దిక్కు సంగతి కొత్త పిడిలో పనికొస్తుంది.

ఒరిజినల్ చెక్కే ఉండాలనుకునేవాళ్ళు చేసే పని ఒకటుంది. పిడిని బాగా ఎండబెట్టి, మెడ భాగాన్ని అవిసె నూనెలో నానబెట్టి, ఆరాక మైనం రుద్దుతారు. పొడి చలి దేశాల్లో అది చాలు. ఇక్కడ నూనె తేమను ఆలస్యం చేస్తుందేమో గానీ, నెలల తరబడి ముసురు పట్టి ఉంటే ఆపలేదు.

జూలై చివరి వారం

మా వీధి మేస్త్రీ దగ్గర పాత ఇంటి కిటికీ చట్రాల ముక్కలు పడున్నాయి. చేవ టేకు, దశాబ్దాలు ఎండి ఉంది. చాకు ముక్కలు చూపించి ఏం చెయ్యాలో చెప్తే, బ్లేడు అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంతోటి చాకుకి ఇంత తతంగమేటి బాబూ, జిట్టేగి వెయ్యకపోయారా, గట్టిగుంటాది” అన్నారు.

ఆయన మాటలో నిజం ఉంది. టేకు కదలదు గానీ బీచ్ కంటే మెత్తన. ఈ చాకులో బ్లేడు పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని మడమ, అంటే రివెట్ దగ్గరి మొదలు, వెళ్ళి ఆనేది గాడి అడుగున ఉన్న చెక్కకే. మెత్తని చెక్కయితే అక్కడ కొంతకాలానికి గుంట పడి, బ్లేడు వెనక్కి వాలుతుంది. జిట్టేగికి ఆ భయం లేదు. కానీ నాకు దొరికిన జిట్టేగి ముక్క పచ్చిగా ఉంది, ఎండేదాకా ఆగాలంటే వచ్చే వేసవి. ఎండిన మెత్తని చెక్క, ఎండని గట్టి చెక్క, ఈ రెండిట్లో ఎండినదే నయం. టేకు ఖాయం చేశాను. ఈ చాకుతో కోసేది పళ్ళు, బ్రెడ్డు, పార్సిల్ తాళ్ళు. కొమ్మలు నరకబోవడం లేదు.

ముక్క కోయించేటప్పుడు మేస్త్రీని పట్టుబట్టి అడిగింది ఒక్కటే, వలయాల గీతలు ఎటు ఉండాలో. కర్రముక్క చివర చూస్తే గీతలన్నీ పుస్తకంలో పేజీల్లా సమాంతరంగా ఉండాలి, బ్లేడు ఆ పేజీల మధ్య పెట్టిన అట్టముక్కలా దూరాలి. అప్పుడు గాడి వెడల్పు దిక్కున చెక్క కదలిక అతి తక్కువగా ఉంటుంది. పైన చెప్పిన రెండున్నర చిల్లర శాతం ఆ దిక్కుదే. ఎక్కువ కదిలే దిక్కు గాడి లోతు వైపు పోతుంది, అక్కడ కాస్త అటూ ఇటూ అయినా బ్లేడుకి తగలదు.

ఆగస్టు మొదటి వారం

ముందు రివెట్ బెజ్జం, తర్వాత గాడి, ఆ తర్వాతే ఆకారం. చెక్క చదరంగా ఉన్నప్పుడే బెజ్జం నిటారుగా వస్తుంది. గుండ్రంగా చిత్రిక పట్టేశాక డ్రిల్లు జారిపోతుంది.

ఫ్యాక్టరీలో గాడి గుండ్రటి రంపంతో కోస్తారు. అందుకే పాత పిడి లోపలికి టార్చి కొట్టి చూస్తే గాడి అడుగు విల్లులా వంపుగా ఉంది. నా దగ్గర ఉన్నది హ్యాక్సా. ఒక ఫ్రేములో ఒక బ్లేడే పెట్టి కోస్తే గాడి మిల్లీమీటరు దగ్గర వస్తుంది. రెండు బ్లేడులు పక్కపక్కన ఆనించి ఒకే ఫ్రేములో బిగిస్తే 1.6 చిల్లర వచ్చింది. మిగిలిన కాస్తా గరుకు కాగితంతో: విరిగిన హ్యాక్సా బ్లేడు పళ్ళు అరగదీసి, రెండు వైపులా 220 నంబరు కాగితం అతికించి, గాడిలో ముందుకీ వెనక్కీ ఆడించడమే. 1.9 పత్తీ కాస్త బిగువుగా దిగేదాకా లాగాను. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, పనిముట్ల పదును ఊరికే పోతుంది. హ్యాక్సా పళ్ళు ఈ బుల్లి ముక్కకే మొద్దుబారాయి.

లోతు దగ్గర తొందరపడకూడదు. గాడి వీపు వైపు తెగకూడదు, అక్కడ మిగిలే చెక్కే పిడికి వెన్నెముక. బ్లేడు పూర్తిగా లోపలికి దిగాలి, కానీ పదునంచు గాడి అడుగుకి తగలకూడదు. గాడిలోకి సన్నటి కాగితం చీలిక వేసి బ్లేడు మూసి చూశాను. కాగితం తెగకుండా బయటికి వచ్చింది.

పంద్రాగస్టు సెలవు

పిడి ఆకారం చూడ్డానికి సాదాగా కనిపిస్తుంది, చెక్కడం మొదలుపెట్టాకే తెలుస్తుంది దాని సంగతి. మెడ దగ్గర గుండ్రం, కాలర్ కోసం ముందుకు పోనుపోను కొద్దిగా సన్నం. వెనక్కి వెళ్ళేకొద్దీ చూపుడు వేలు, మధ్య వేలు పట్టే చోట నడుం చిక్కుతుంది, తర్వాత అరచేతిలో నిండేలా పొట్ట, చివర ఏటవాలు కోత. ఎక్కడా మూలలు లేవు, రేకులు లేవు, స్క్రూలు లేవు. చేతులు తడిగా ఉన్నా జారదు.

దీన్ని చేత్తో ఒక్కోటీ చెక్కుతూ కూర్చుంటే వ్యాపారం నడవదని జోసెఫ్‌కి ముందే తెలుసు. 1900 దాటిన కొత్తలోనే పిడులు చెయ్యడానికి యంత్రం తయారుచేసుకున్నాడు. అంతకుముందే, 1897లో, సైజులకి 1 నుంచి 12 దాకా నంబర్లు పెట్టాడు. నం. 1 గడియారపు గొలుసుకి తగిలించుకునేంత బుల్లిది. నం. 12 బ్లేడు 12 సెంటీమీటర్లు. నం. 1, నం. 11 మాత్రం 1930ల్లో ఆపేశారు, పదకొండు అటు పదికీ ఇటు పన్నెండుకీ మధ్య ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. నా దగ్గరున్న నం. 8 బ్లేడు 8.5 సెంటీమీటర్లు, మడిస్తే 11 సెంటీమీటర్లు. జేబుకీ చేతికీ రెండిటికీ కుదిరిన సైజు ఇదే.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1985లో ప్రపంచంలోని వంద చక్కటి డిజైన్లలో దీన్ని చేర్చింది. అదే జాబితాలో పోర్ష్ 911 కారు కూడా ఉంది. ఆ కారు ధరకి ఈ చాకులు లారీ లోడు వస్తాయి.

చెక్కడమంతా సగం గుండ్రటి ఆకురాయి, తర్వాత గరుకు కాగితమే. పాత పిడి పక్కన పెట్టుకుని కాలిపర్‌తో పోలుస్తూ దించాను. ఒక్కచోట మాత్రం కావాలనే తేడా చేశాను, పొట్ట అర మిల్లీమీటరు లావు ఉంచాను. నా చేతికి అలా బాగుంది.

ఆగస్టు మూడో వారం

పిడికి అవిసె నూనె పట్టించి ఆరబెట్టాను. ఈ ముసురులో అది ఆరేసరికి ఎన్నాళ్ళు పడుతుందో. ఈ ఖాళీలో లాయోల్ గురించి నా గోడు కాస్త.

ఫ్రెంచ్ మడత చాకు అనగానే చాలామందికి లాయోలే గుర్తొస్తుంది. అవెరోన్ ప్రాంతంలో, ఒబ్రాక్ పీఠభూమి మీది ఊరు పేరది. 1829లో పియేర్-జాన్ కల్మెల్స్ అక్కడ కార్ఖానా పెట్టాడు. చాకుకి 1840లో ఒక సూదిమొన చేర్చారు, గడ్డి తిని కడుపు ఉబ్బిన పశువుకి గాలి తీయడానికి. 1880లో సీసా బిరడా తీసే మరచుట్టు వచ్చింది, ఆ కొండల నుంచి పారిస్‌కి వలసపోయి హోటళ్ళలో పనిచేసిన వాళ్ళ కోసం. ఇవన్నీ జీవనంలోంచి వచ్చిన మార్పులు, వీటి మీద నాకు గౌరవమే. స్ప్రింగు కొసన ఉండే తేనెటీగ బొమ్మ నెపోలియన్ ఇచ్చిన వరం అని చెప్పే కథ మాత్రం కట్టుకథ. ఆ తేనెటీగ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చింది, నెపోలియన్ పోయి అప్పటికి ఎంతో కాలమైంది. ఊరి పేరుకి రక్షణ లేకపోవడంతో ఎవరు పడితే వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ లాయోల్ అని ముద్ర కొట్టి అమ్మారు, కోర్టుల్లో ఏళ్ళ తరబడి కేసులు నడిచాయి. మంచి లాయోల్ చేతిపని చూస్తే కళ్ళు తిరుగుతాయి, కాదనను. కానీ ఇంట్లో కూర్చుని విప్పి మళ్ళీ బిగించగలిగే చాకు కాదది.

తియేర్ గురించీ ఒక్క మాట. ఫ్రాన్సు చాకుల పరిశ్రమకి పెద్ద కేంద్రం ఆ ఊరు. అక్కడి సానవాళ్ళు దురోల్ వాగు ఒడ్డున, తిరిగే సానరాయి మీదుగా వేసిన పలక మీద బోర్లా పడుకుని పనిచేసేవారు. చలికి కాళ్ళ మీద కుక్కని పడుకోబెట్టుకునేవారు. పాత ఫొటోల్లో కనిపిస్తుంది, వరసగా మనుషులు, వరసగా కుక్కలు.

ఆగస్టు నెలాఖరు

బ్లేడు పని. నాది కార్బన్ స్టీలు రకం, 0.9 శాతం దగ్గర కార్బన్ ఉంటుంది. సానరాయి మీద నాలుగు లాగులు లాగితే పదునెక్కుతుంది. బదులుగా తుప్పు కూడా అంతే తొందరగా పడుతుంది. స్టెయిన్‌లెస్ రకమూ అమ్ముతారు. సముద్రం పక్క ఇంటికి తెలివైనవాడు అదే తెప్పించుకుంటాడు, మా తమ్ముడు ఇది తెచ్చాడు.

తుప్పు ఆపడానికి బ్లేడును ముందే నల్లబరచాలి. యూరప్‌లో వెనిగర్ వాడతారు. నేను చింతపండు వాడాను. చిక్కటి గుజ్జు బ్లేడుకి రెండువైపులా పూసి పెడితే కాసేపటికే బూడిదరంగు, కడిగి మళ్ళీ పూస్తే నీలం కలిసిన నలుపు. అమ్మ చూసి, “మా కత్తిపీట మామిడికాయలకి ఊరికే అయ్యే రంగుకి నువ్వు పనిగట్టుకుని పూత పూస్తున్నావా” అంది. తర్వాత పొడిగుడ్డతో తుడిచి కొబ్బరినూనె పల్చగా రాశాను.

ముద్ర మీద మాత్రం గుజ్జు అంటకుండా టేపు వేశాను. ఆశీర్వదిస్తున్న చెయ్యి, పైన కిరీటం. చాకులు చేసేవాళ్ళు తమ సరుకు మీద గుర్తు వెయ్యాలని 1565లో రాజు తొమ్మిదో చార్లెస్ ఆజ్ఞ ఇచ్చాడు. ఆ సంప్రదాయం ప్రకారం జోసెఫ్ 1909లో ఈ గుర్తు నమోదు చేశాడు. చెయ్యి దగ్గర్లోని సాన్ జాన్ ద మోరియెన్ పట్నం చిహ్నం నుంచి వచ్చింది. బాప్తిస్మమిచ్చు యోహాను వేళ్ళు అక్కడి చర్చిలో ఉన్నాయని నమ్మకం. కిరీటం, సావోయ్ ఒకప్పుడు డచీ, అంటే డ్యూకులు ఏలిన రాజ్యం అన్నదానికి గుర్తు.

సెప్టెంబరు

బిగింపు. కాలర్ కొత్త మెడకి చివరి రెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. మెడను 400 కాగితంతో తిప్పుతూ రుద్ది, మళ్ళీ తొడిగి, కాలర్ బెజ్జాలూ చెక్క బెజ్జమూ ఒకే వరసలోకి వచ్చేదాకా చెక్కముక్క ఆనించి కొట్టాను. రివెట్‌కి పాతదాని మందంలోనే ఉన్న ఉక్కు మేకు కోశాను, రెండువైపులా మిల్లీమీటరు చొప్పున బయటికి ఉండేలా. రివెట్ తల గట్టి దెబ్బలతో రాదు. చిన్న సుత్తితో అంచుల చుట్టూ మెల్లగా తడుతూ పోతే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. నాలుగు దెబ్బలకోసారి ఆగి బ్లేడు తెరిచి మూసి చూడాలి. గట్టిగా కొట్టేస్తే కాలర్ నొక్కుకుపోయి గాడి మళ్ళీ ఇరుకవుతుంది, ఇంత పనీ చేసి మళ్ళీ బల్లకేసి కొట్టుకోవాల్సిందే.

విరోబ్లాక్ వెనక్కి తొడిగాను. తిరుగుతోంది, తెరిచినా మూసినా లాక్ పడుతోంది. బ్లేడు గాడి మధ్యలోంచి ఒక వెంట్రుకంత ఎడమకి ఉంది, రివెట్ బెజ్జం అంతవరకే నిటారు. మూసినప్పుడు ఎక్కడా ఒరుసుకోవడం లేదు కాబట్టి దాన్ని కదపను.

వారమంతా వాన. వంటింటి కిటికీ దగ్గర, గాలి తగిలేచోట పెట్టాను. ఫీలర్ గేజ్ 1.8 దిగుతోంది, 1.9 బిగువు. చూపుడు వేలి గోటితో బ్లేడు వస్తోంది. అసలు పరీక్ష నవంబరు తుఫాన్లకి. గాడి అడుగున మడమ ఆనే చోటు మీద కన్నేసి ఉంచాలి. గుంట కనిపిస్తే అక్కడ జిట్టేగి బద్ద ఒకటి పొదిగిస్తాను. ముక్క మేస్త్రీ అటక మీద ఎండుతోంది.